వీడియోలో చెయ్యి కనబడుతుంది, నొక్కుడు కనబడదు: ఐటీఐ శిక్షణ చూస్తున్న అధికారులకు ఒక రిటైర్డ్ ఇన్‌స్ట్రక్టర్ బహిరంగ లేఖ

శిక్షణ శాఖ అధికారులకు, ప్రభుత్వ, ప్రైవేటు ఐటీఐల ప్రిన్సిపాళ్లకు, నా తోటి ఇన్‌స్ట్రక్టర్లకు,

నమస్కారం.

నేను ఫిట్టర్ ట్రేడ్‌లో 29 ఏళ్లు ఏటీవోగా (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, అంటే పని నేర్పే ఇన్‌స్ట్రక్టర్) పనిచేసి రిటైరయ్యాను. రాయలసీమలో నాలుగు ఊళ్లు తిరిగాను. ఈ ఉత్తరానికి ముందు మూడు అర్జీలు పెట్టాను. మొదటిది మాకు దగ్గర్లో ఉన్న ఒక ఐటీఐ ప్రిన్సిపాల్ చేతికే ఇచ్చాను. ఆయన చదివి, కాఫీ తెప్పించి, "మీరు చెప్పేది నిజమే సార్, కానీ ఇప్పుడు పద్ధతి ఇదే" అన్నారు. రెండోది పై ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపాను. మూడోది సోమవారం అర్జీల రోజున లైన్లో నిలబడి ఇచ్చాను. నెల తిరక్కుండా "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చూద్దామని వెళ్తే వర్క్‌షాప్ తాళం అలాగే ఉంది. పక్క గదిలో గోడకు ఇంకో స్క్రీన్ వచ్చింది.

అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

సంగతి ఇదీ. విప్పడం, బిగించడం, జత చేయడం లాంటి పనులను వీడియో చూపించి, నేర్పేశామని రిజిస్టర్లో రాసుకుంటున్నాం. నేను వీడియోకి వ్యతిరేకిని కాను. మా మనవడితో కూర్చుని ఫోన్లో చూసే మిక్సీ బాగుచేశాను. పిల్లాడి చేతిలో వస్తువు లేకుండా, కావలసిన చోట ఆపుకునే వీలు లేకుండా, గోడ మీద ఆడించే వీడియోతోనే నా పేచీ.

నేను చూసింది

పోయిన వానాకాలం ఒక ఐటీఐకి వెళ్లాను. పేరు రాయను. రాస్తే ఆ ఒక్కచోట బల్లలు తుడిచి, ఫొటోలు తీసి పైకి పంపుతారు, మిగతా చోట్ల యథాప్రకారం.

ఫిట్టర్ రెండో ఏడాది పిల్లలు. రెండు బ్యాచ్‌లు కలిపి ఒకే గదిలో 38 మంది. గోడకు పెద్ద టచ్ ప్యానెల్. గేర్‌బాక్స్ విప్పి మళ్లీ బిగించే వీడియో నడుస్తోంది. మాటలు హిందీలో, నిడివి 22 నిమిషాలు. ఇన్‌స్ట్రక్టర్ బల్ల దగ్గర కూర్చుని ప్రాక్టికల్ రికార్డుల మీద సంతకాలు పెడుతున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను, పక్క పోస్టు ఖాళీ, ఇద్దరి పని ఒక్కడి నెత్తిన ఉంది. సర్‌క్లిప్ (భాగాలు జారిపోకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) తీసే దగ్గర ప్లయర్ ఎలా పట్టారో అర్థంకాక వెనక బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. "సార్, ఆ ముక్క ఒక్కసారి వెనక్కి..." ముందు బెంచీ నుంచి "పోనీరా, ఇంటర్వెల్ టైమయింది" అని కేకలు. వీడియో ముందుకే పోయింది. అయిపోయాక అందరి రికార్డుల్లో "గేర్‌బాక్స్ అసెంబ్లీ" ఎదురుగా టిక్కు పడింది.

అసలు గేర్‌బాక్స్ పక్క షెడ్డులోనే ఉంది, గోనెపట్టా కప్పి. పట్టా ఎత్తి చూశాను. కవర్ బోల్టుల తలల మీద కంపెనీ వేసిన పెయింట్ చెక్కు చెదరలేదు. ఒక్కసారి పానా పడినా ఆ మూలలు తేలాలి. కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

ఆ వీడియో చెడ్డదేం కాదు. మధ్యమధ్యలో ఆగి, "ఇప్పుడు ఏ భాగం తీయాలి?" అని అడుగుతుంది, నాలుగు బొమ్మలు చూపిస్తుంది. సరైనది తాకితేనే ముందుకు పోతుంది. ఇంటరాక్టివ్ వీడియో అని టెండరులో రాసింది దీన్నే. ఒక్కో పిల్లాడి ముందు పెడితే బంగారం లాంటిది. 38 మందికి ఒక్క తెర ఉన్నప్పుడు, తెర పక్కన నిలబడి తాకుతున్న ఒక్కడికే అది ఇంటరాక్టివ్. మిగతా 37 మందికి సినిమా.

పుస్తకంలో ఏముంది

డీజీటీ (ఐటీఐల సిలబస్ రాసే కేంద్ర శిక్షణ డైరెక్టరేట్) 2022 సిలబస్ మీ బీరువాల్లోనే ఉంటుంది. ఫిట్టర్ ట్రేడ్‌కి ఏడాదికి 1,200 గంటలు. అందులో 840 గంటలు ట్రేడ్ ప్రాక్టికల్. పదింట ఏడు పాళ్లు చేతిపనే. థియరీ పాసవడానికి 33 శాతం చాలు, ప్రాక్టికల్‌కి 60 రావాలి. బ్యాచ్‌కి 20 మందే. సిలబస్ రాసినవాళ్లకు ఈ పని ఎలా వస్తుందో బాగా తెలుసు. 840 గంటలు అని రాసినప్పుడు వాళ్ల మనసులో ఉన్నది వైసు, ఆకురాయి, హాక్సా, డయల్ గేజ్. కుర్చీ కాదు.

మరి ఇలా ఎందుకు జారిపోయింది? 2020లో కోవిడ్ వచ్చి ఐటీఐలు మూతపడ్డాయి. అప్పుడు వీడియోలు తప్పలేదు, భారత్ స్కిల్స్ పోర్టల్లో ఉన్నవి పిల్లలకు ఎంతో కొంత ఆసరా అయ్యాయి కూడా. తలుపులు తెరిచాక వీడియో వెనక్కి పోలేదు, వర్క్‌షాపే వెనక్కి పోయింది. దానికి కారణం చిన్నది, కాస్త సిగ్గుపడాల్సింది. ఎంఎస్ ఫ్లాటు (ఇనుప పట్టీ) కొనాలంటే కొటేషన్లు కావాలి, హాక్సా బ్లేడ్లు అయిపోతే ఇండెంటు పెట్టాలి, డ్రిల్ బిట్టు విరిగితే లెక్క చెప్పాలి. వీడియో చూస్తే ఏదీ విరగదు, ఆడిట్ అభ్యంతరమూ రాదు. పైగా థియరీ పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడమే చదువైపోయింది.

కంటికి అందనిది

నేను పైన పెట్టిన శీర్షిక నా మాట కాదు. మా మేనకోడలిది. శ్రీసిటీ వైపు 2015 నుంచి సెల్‌ఫోన్ అసెంబ్లీ జరుగుతోందని మీకు తెలుసు. ఆ వైపే ఒక యూనిట్‌లో ఆమె కొన్నాళ్లు పనిచేసింది. లైన్లోకి పంపేముందు రెండు రోజులు వీడియోలు చూపించారట. ఆమె స్టేషన్‌లో పని, ఒక సన్నటి ఫ్లెక్స్ కనెక్టర్‌ను బోర్డు మీద సాకెట్‌లో కూర్చోబెట్టడం. గోరంత కూడా ఉండదది. "మామా, వీడియోలో చెయ్యి కనబడుతుంది, నొక్కుడు కనబడదు" అంది. ముందు వేలితో తడిమి సరిగ్గా పైన ఉందో లేదో చూసుకోవాలి, అప్పుడు నొక్కాలి, లోపల టక్కుమన్నట్టు వేలి కొసకు తెలుస్తుంది. ఆ టక్కు తెలియనివాళ్లు ఇంకా గట్టిగా నొక్కుతారు, పిన్నులు వంగిపోతాయి. ఆమెకు ఆ టక్కు పట్టుబడటానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ సూపర్‌వైజర్ చేత తిట్లు తింది.

మా ట్రేడ్‌లోనూ అంతే. పంపు మోటారు షాఫ్టుకి 6204 బేరింగ్ ఎక్కించడం చూడండి. (చివరి రెండంకెలను అయిదుతో హెచ్చిస్తే లోపలి వ్యాసం: 20 మిల్లీమీటర్లు. ఇది వీడియో చక్కగా చెబుతుంది, చెప్పాల్సిందే.) బేరింగ్ షాఫ్టు మీద బిగువుగా కూర్చోవాలి. అందుకని లోపలి రింగుకి మాత్రమే ఆనేలా ఒక పైపు ముక్క పెట్టి, దాని మీద చుట్టూ సమంగా కొట్టాలి. వీడియోలో కనబడేది పైపు, సుత్తి, నాలుగు దెబ్బలు. పైపు ఏ రింగు మీద ఆనిందో పైనుంచి తీసిన కెమెరాకు తెలియదు. కుర్రాడు కాస్త వెడల్పు పైపు తీసుకుంటాడు, అది బయటి రింగు మీద ఆనుతుంది, దెబ్బంతా రెండు రింగుల మధ్య ఉండే ఉక్కు గుళ్ల మీదుగా పోతుంది. గుళ్లు తిరిగే దారిలో సొట్టలు పడతాయి, కంటికి కనబడనంత చిన్నవి. చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతుంది. "వచ్చేసింది సార్" అంటాడు. నాలుగు వారాలకు మోటారు అరవడం మొదలవుతుంది.

సరిగ్గా కొట్టినప్పుడు ఇంకో గుర్తుంది. షాఫ్టు మెట్టుకి బేరింగ్ ఆనగానే దెబ్బ శబ్దం మారుతుంది, గట్టిపడుతుంది, సుత్తి చేతికి ఎదురుకొడుతుంది. ఆ మార్పు విన్న చెవి మళ్లీ మరిచిపోదు. ఫోన్ స్పీకర్లో అది రాదు.

బోల్టు మర పట్టించడం ఇంకా చిన్న సంగతి. బోల్టును ముందు వెనక్కి తిప్పాలి. మర మీద మర జారి సన్నగా టక్కుమని దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పితే వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు పోతుంది. పోకపోతే పక్కదారి పట్టినట్టు, ఆపెయ్యాలి. ఈ సంగతి తెలియనివాడు పానా వేస్తాడు, త్రెడ్ పోతుంది, అల్యూమినియం హౌసింగ్ మొత్తం మార్చాల్సి వస్తుంది. వెనక్కి తిప్పే ఆ అర క్షణాన్ని ఏ వీడియోలోనూ నేను చూడలేదు. తీసేవాడికి అది పనిలా కనబడదు కాబోలు.

ఇది ముసలి ఇన్‌స్ట్రక్టర్ చాదస్తం అనుకోకండి. 2018లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక విషయం తేల్చారు. డార్టు విసరడం, మూన్‌వాక్ చేయడం లాంటి పనుల వీడియోలను కొందరికి ఒక్కసారి, కొందరికి ఇరవై సార్లు చూపించారు. ఇరవై సార్లు చూసినవాళ్లకు "మేం చేసేయగలం" అనే ధీమా బాగా పెరిగింది. చేయమంటే ఒక్కసారి చూసినవాళ్ల కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. వర్క్‌షాప్‌లో నేను భయపడేది ఈ ధీమాకే. రాదని తెలిసినవాడు అడుగుతాడు. వచ్చనుకున్నవాడు స్విచ్ వేస్తాడు.

వీడియో పక్షాన కూడా ఒక పరిశోధన ఉంది, దాన్ని దాచిపెడితే అన్యాయం. 2004లో అచ్చయింది. ఓడల్లో తాళ్లకు వేసే ముడులు నేర్పడానికి కొందరికి ఆపకుండా నడిచే వీడియో ఇచ్చారు, కొందరికి తామే ఆపుకునే, నెమ్మదిగా నడిపించుకునే, వెనక్కి తిప్పుకునే వీడియో ఇచ్చారు. ఆపుకునే వీలున్నవాళ్లు చాలా తక్కువ సమయంలో నేర్చుకున్నారు. తేలిక చోట్ల వదిలేసి, కష్టమైన చోట ఆగి మళ్లీ మళ్లీ చూసుకున్నారు. ఎవరి కష్టం ఎక్కడుందో వాళ్ల చేతికే తెలుసు. వెనక బెంచీ అబ్బాయి అడిగింది అదే కదా, ఆ ముక్క ఒక్కసారి వెనక్కి అని.

ఇంకా వెనక్కి వెళ్తే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లోకి అంతకు ముందెన్నడూ పానా పట్టనివాళ్లు లక్షల్లో వచ్చారు. వాళ్లకు పని నేర్పే సూపర్‌వైజర్లకు 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే కార్యక్రమంలో జేబులో పట్టే కార్డు ఒకటి ఇచ్చేవారు. దాని మీద నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చెయ్యి, చేసి చూపించు, అతనితో చేయించు, తర్వాత కనిపెట్టుకుని ఉండు. మూడో మెట్టులో ఊరికే చేయించడం కాదు, చేస్తూ కీలకమైన చోటు ఏదో నోటితో చెప్పించాలి. యుద్ధం తర్వాత ఈ పద్ధతి జపాన్‌కి వెళ్లింది, టయోటా దాన్ని గట్టిగా పట్టుకుంది. మన స్మార్ట్ క్లాసులో జరుగుతున్నది రెండో మెట్టు ఒక్కటే. అక్కడికే గంట కొట్టేస్తున్నాం.

కుదిరే పద్ధతి

ఇంటి వెనక రేకుల షెడ్డులో నా దగ్గర పాత మోనోబ్లాక్ పంపు (మోటారు, పంపు ఒకే దిమ్మగా ఉండేది) ఒకటుంది. శని, ఆదివారాల్లో చుట్టుపక్కల ఐటీఐ పిల్లలు వస్తారు. ఒక అబ్బాయికి పంపు విప్పి బిగించే పని ఇచ్చాను. వీడియో నేనే ఫోన్లో తీశాను, తెలుగులో మాట్లాడుతూ, నా భుజం మీదుగా. ఎదురుగా నిలబడి తీస్తే కుడి ఎడమ తారుమారవుతుంది, కుర్రాళ్లు అక్కడే తికమకపడతారు. దాన్ని తొమ్మిది ముక్కలు చేశాను. ఏ ముక్కా రెండు నిమిషాలు దాటదు. ఒక ముక్క చూడాలి, ఆపాలి, చేయాలి, తర్వాతి ముక్క.

ఫోన్‌ని వైసుకి ఆనించి పెట్టుకున్నాడు. మొదటి నాలుగు ముక్కలు గబగబా అయిపోయాయి. షాఫ్టు దగ్గర నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీల్ దగ్గర ఆగాడు. కార్బన్ ముఖం, సిరామిక్ ముఖం ఒకదానికొకటి ఆనుకుని తిరగాలి, వేలిముద్ర జిడ్డు కూడా తగలకూడదు. ఆ ముక్కను వెనక్కి తిప్పుకుని ఆరుసార్లు చూశాడు. ఆరోసారి చూసి, చేతులు చూసుకుని, లేచి వెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చాడు. నేను చెప్పలేదు. 22 నిమిషాల వీడియో గోడ మీద నడుస్తుంటే లేచి చేతులు కడుక్కొచ్చే పిల్లాణ్ని మీరెప్పుడైనా చూశారా?

రెండోసారి విప్పినప్పుడు ఫోన్ వైపు రెండుసార్లే చూశాడు. మూడోసారి జేబులో పెట్టేశాడు. ఖర్చు అంటారా, ఒక సీలు, ఒక బేరింగ్, కాస్త గ్రీజు.

దీనివల్ల ఎవరు నష్టపోతున్నారు

1. ఉద్యోగానికి వెళ్లిన పిల్లలు. పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లు వచ్చాయి. మా పిల్లలకు అదే పెద్ద ఆశ. అలాంటి ఒక యూనిట్‌కి నాకు తెలిసిన అబ్బాయి ఇంటర్వ్యూకి వెళ్లాడు. మార్కుల షీట్ బ్రహ్మాండంగా ఉంది. వాళ్లు మార్కులు చూడలేదు. ఒక కవర్, ఆరు బోల్టులు, టార్క్ రెంచ్ (పెట్టిన బిగువు రాగానే టక్కుమనే పానా) ఇచ్చి, 10 న్యూటన్ మీటర్లకు బిగించమన్నారు. ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలని అతనికి తెలుసు, పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు రాశాడు కూడా. రెంచ్ టక్కుమన్నాక ఆపాలని మాత్రం చేతికి తెలియదు. టక్కుమన్న తర్వాత కూడా లాగాడు. అయిదు నిమిషాల్లో బయటికి పంపేశారు. ఇప్పుడు కాంట్రాక్టర్ కింద హెల్పర్. సామాను మోస్తాడు. శనక్కాయ వేసుకునే వాళ్ల నాయన నన్ను బస్టాండులో పట్టుకుని, "రెండేండ్లు మావాడు ఏం నేర్చుకున్నట్టు సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీకు పంపుతున్నాను.

2. కళ్లు, వేళ్లు. సర్‌క్లిప్ అంటే స్ప్రింగు స్టీలు. ప్లయర్ మొన జారితే బుల్లెట్‌లా ఎగురుతుంది. విప్పేటప్పుడు రెండో అరచెయ్యి అడ్డం పెట్టడం, కళ్లద్దాలు పెట్టుకోవడం వర్క్‌షాప్‌లో మొదటి రోజే అలవాటు చేస్తాం. అలవాటు అంటున్నాను, పాఠం అనడం లేదు. అప్రెంటిస్‌గా చేరిన రెండో వారంలోనే ఒక అబ్బాయికి కంటి కింద నాలుగు కుట్లు పడ్డాయి. వేలెడు పైకి తగిలి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. వాడు వీడియో మూడుసార్లు చూశాడట.

3. రైతులు. మన ఐటీఐ పిల్లలందరూ కంపెనీలకు పోరు. చాలామంది మండల కేంద్రంలో మోటారు రిపేరు షాపుల్లో చేరతారు. బేరింగ్ తప్పుగా ఎక్కిన మోటారు ఎండాకాలంలో, పైరు నీళ్ల మీదున్నప్పుడే కాలుతుంది. రివైండింగుకి డబ్బు పోయేది ఒక ఎత్తు. మోటారు షాపులో ఉన్న నాలుగైదు రోజులు మడి ఎండిపోయేది ఇంకో ఎత్తు. రైతు కరెంటువాళ్లను తిట్టుకుంటాడు, వోల్టేజీని తిట్టుకుంటాడు. తప్పు ఒక్కోసారి అరంగుళం వెడల్పెక్కువైన పైపు ముక్కదని, అది చూసుకోవడం నేర్పని మనదని అతనికి తెలియదు.

4. ఆడపిల్లలు. అసెంబ్లీ లైన్లలో వాళ్లే ఎక్కువ కనబడతారు. పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి, మొదటి జీతం ఇంటికి పంపుదామనుకునేవాళ్లు. చేతికి పని పట్టుబడేలోపు లైను వేగం మీద పడుతుంది. మా మేనకోడలితో పాటు చేరినవాళ్లలో కొందరు మొదటి నెల దాటకుండానే, "మాకు చేతకాదు" అనుకుని ఇంటికొచ్చేశారట. వాళ్లకు చేతకాకపోవడం కాదు. నేర్పేవాళ్లకు రెండు రోజులకు మించి ఓపిక లేకపోయింది.

5. అప్పుచేసి ఫీజు కట్టిన ఇళ్లు. ప్రైవేటు ఐటీఐల సంగతి పొడిగించను. వర్క్‌షాప్ ఫొటో బ్రోషర్‌లో ఉంటుంది.

మా డిమాండ్లు

ఒకటి. 840 ప్రాక్టికల్ గంటల్లో వీడియో చూసిన సమయాన్ని కలపకూడదు. వీడియో చూపిస్తున్నప్పుడు ఆ వస్తువు పిల్లాడి ముందు బల్ల మీద ఉంటేనే దాన్ని ప్రాక్టికల్ అనాలి. ఈ ఒక్క వాక్యంతో సర్క్యులర్ ఇవ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండు. తెర గోడ మీంచి దిగి బల్ల మీదికి రావాలి. నలుగురికి ఒక ట్యాబ్ చాలు, వైసు పక్కన, నెట్ లేకపోయినా నడిచేలా. వీడియోలు తెలుగులో, చిన్న ముక్కలుగా, చేసేవాడి భుజం మీదుగా తీసినవి ఉండాలి. ఎవరో ఢిల్లీలో తీసి పంపేదాకా కాచుకోవద్దు. ప్రతి ఐటీఐలో ఒక్క మంచి ఇన్‌స్ట్రక్టర్ తన ఫోన్లో తీసినా, ఏడాది తిరిగేసరికి మన రాష్ట్రం సిలబస్ అంతా సిద్ధమవుతుంది. తీసినవాళ్లకు ఆ గంటలు పని గంటలుగా లెక్కకట్టండి.

మూడు. సరుకు. తరగతులు మొదలయ్యే నాటికి ఫ్లాట్లు, బ్లేడ్లు, బేరింగులు, సీళ్లు, సర్‌క్లిప్పులు స్టోర్‌లో ఉండాలి. ఏం కొన్నారో, ఎంత వాడారో నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టండి. విరిగినదానికి ఇన్‌స్ట్రక్టర్ జేబు నుంచి రాబట్టే పద్ధతి మానండి. నేర్చుకునే చోట విరగకపోతే కంపెనీలో విరుగుతాయి. డబ్బు లేదనే మాట ఇప్పుడు చెల్లదు. కేంద్ర మంత్రివర్గం 2025 మేలో వెయ్యి ప్రభుత్వ ఐటీఐల కోసం 60,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. తెలంగాణలో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. రోబోలు రావాలి, రానివ్వండి. వాటి పక్కన కిలో గ్రీజుకి కూడా ఒక పద్దు రాయమని అడుగుతున్నాం.

నాలుగు. ప్రాక్టికల్ పరీక్ష. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, వీలైతే ఏదైనా కంపెనీ నుంచి, ఎదురుగా నిలబడాలి. పంపో, గేర్‌బాక్సో విప్పించి, భాగాలన్నీ ఒక ట్రేలో కలిపేసి, మళ్లీ బిగించమనాలి. బిగించాక పది నిమిషాలు నడపాలి. నీళ్లు కారితే మార్కులు కారతాయి. ముందే చేసిపెట్టిన జాబు (పిల్లాడు చేసి చూపించాల్సిన ప్రాక్టికల్ పని) మీద నంబరు గుద్దే తంతు ఇకనైనా పోవాలి. అది ఎలా జరుగుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

అయిదు. ఖాళీ పోస్టులు నింపండి. 20 మందికి ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. నింపేదాకా బ్యాచ్‌లు కలిపి కూర్చోబెట్టకుండా, రిటైరైన మాలాంటివాళ్లను గంటల లెక్కన పిలవండి. డబ్బు ఇవ్వకపోయినా వచ్చేవాళ్లు నాకు తెలిసి పదిమందైనా ఉన్నారు. నాతో కలిపి.

ఆరు. ఈ లేఖకు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. మెసేజ్ వద్దు.

తోటి ఇన్‌స్ట్రక్టర్లకు ఒక మాట. మనం అమాయకులం కాము. ఉద్యోగంలో నా చివరి రెండేళ్లలో, చేయని జాబులకు చేసినట్టు నేనూ రికార్డుల మీద సంతకాలు పెట్టాను. స్టోర్‌లో సరుకు లేదు, పైనుంచి ఒత్తిడి, పిల్లల ఏడాది పోతుందన్న జాలి. అన్నీ నిజాలే. అయినా సంతకం నాదే. బస్టాండులో ఆ రైతు అడిగిన ప్రశ్న నన్నే అడిగినట్టు అనిపించింది అందుకే. మీరు ఈ నెల ఒక్క జాబు విషయంలోనైనా "సరుకు రాలేదు, చేయించలేదు" అని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టండి. వంద ఐటీఐల నుంచి అలాంటి రికార్డులు పైకి వెళ్తే ఎవరో ఒకరు ఫైలు తెరుస్తారు.

అధికారులకు మళ్లీ. మీలో ఎవరైనా సరే, శనివారం గానీ ఆదివారం గానీ మా షెడ్డుకి రండి. గోడ మీద పాత టీవీ ఒకటుంది, బేరింగ్ ఎక్కించే వీడియో అందులో వేస్తాను. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూడండి. తర్వాత షాఫ్టు, సుత్తి, రెండు సైజుల పైపు ముక్కలు, కొత్త 6204 ఒకటి మీ చేతికిస్తాను. బేరింగ్ ఖర్చు నాదే. చాయ్ కూడా.

ఇట్లు,
ఫిట్టర్ ట్రేడ్ రిటైర్డ్ ఏటీవో ఒకరు,
అనంతపురం వైపు నుంచి